ఘాట్ రోడ్డు దిగేటప్పుడు హబ్ మోటారుతో బ్రేకు, వేగ నియంత్రణ: ఎంతవరకు ఆధారపడవచ్చు?

తిరుపతి_వర్క్‌షాప్:

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మాకు ద్విచక్ర వాహనాలు బాగుచేసే చిన్న వర్క్‌షాపు ఉంది. కొంతకాలంగా విద్యుత్ స్కూటర్లలో మోటారును నడిపే కంట్రోలర్లు, చక్రంలోనే ఇమిడే హబ్ మోటార్ల పని కూడా చేస్తున్నాం. తిరుమలలో ఒక దుకాణంలో పనిచేసే ఒకాయన రోజూ స్కూటరు మీదే కొండ ఎక్కి దిగుతారు. ఆ బండికి వెనుక చక్రంలో బ్రష్‌లెస్ హబ్ మోటారు, 13 సెల్లుల వరుసతో కట్టిన 48 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ, 24 ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్నాయి. ఆయన పైన దుకాణంలో చార్జింగు పెట్టుకుని, సాయంత్రం నిండు బ్యాటరీతో కిందికి వస్తారు. కొండ కింద అలిపిరి చేరేసరికి వెనుక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోందని, మోటారుతోనే బ్రేకు పడేలా చేసిపెట్టమని అడుగుతున్నారు.

కంట్రోలర్‌కు రీజెన్ (బ్రేకు శక్తిని కరెంటుగా బ్యాటరీకి తిప్పి పంపే) వైరు ఒకటి ఉంది. దాన్ని బ్రేకు లీవరు స్విచ్చుకు కలిపి చూశాం. లీవరు కొద్దిగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఒకే తీరుగా, ఒక్క ఊపులో పట్టేస్తోంది. హెయిర్‌పిన్ మలుపు మధ్యలో అలా పడితే బండి అదుపు తప్పుతుందన్న భయంతో ఆ వైరు తీసేశాం. మోటారుతో మెత్తగా, లీవరు నొక్కినంత మేరకే బ్రేకు పడేలా చేయవచ్చా? దిగుడులో ఒకే వేగం నిలిచేలా కంట్రోలర్‌కు అప్పగించవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, అలా చేస్తే బ్యాటరీకి ప్రమాదమేమైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

వైండింగ్_మేష్టారు:

మీ మోటారు కొలతలు ఉంటే అంకెలతోనే మాట్లాడుకోవచ్చు. చక్రం పైకెత్తి పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది? మోటారు నుంచి వచ్చే మూడు ఫేజు వైర్లలో రెండింటి మధ్య రెసిస్టెన్సు, ఇండక్టెన్సు ఎంత? లోపల అయస్కాంతాలు ఎన్ని?

తిరుపతి_వర్క్‌షాప్:

48 వోల్టుల దగ్గర నిమిషానికి సుమారు 600 చుట్లు. రెండు ఫేజుల మధ్య రెసిస్టెన్సు 0.15 ఓములు, ఇండక్టెన్సు 0.3 మిల్లీ హెన్రీలు చూపించాయి. అయస్కాంతాలు 46, అంటే 23 జతలు. టైరు చుట్టుకొలత 1.3 మీటర్లు. మనిషితో కలిపి బండి బరువు సుమారు 180 కిలోలు అనుకోవచ్చు.

వైండింగ్_మేష్టారు:

చాలా ఉపయోగపడే వివరాలు ఇచ్చారు. మోటారుకు తనంతట తానుగా బ్రేకు, పరుగు అనే తేడా లేదు. అయస్కాంతాలు తిరుగుతున్నంతసేపూ వైండింగులో ఒక వోల్టేజీ పుడుతుంది. దానినే బ్యాక్ ఈఎంఎఫ్ అంటాం. మీ మోటారుకు ఒక్కో వోల్టుకు 12.5 చుట్లు వస్తున్నాయి కాబట్టి, గంటకు 28 కిలోమీటర్ల వేగంలో, అంటే నిమిషానికి దాదాపు 359 చుట్ల దగ్గర, లోపల సుమారు 28.7 వోల్టులు పుడుతూ ఉంటాయి. కంట్రోలర్ బయటినుంచి అంతకంటే ఎక్కువ సగటు వోల్టేజీ ఇస్తే కరెంటు లోపలికి ప్రవహించి బండిని తోస్తుంది. అంతకంటే తక్కువ ఇస్తే కరెంటు దిశ మారి, అదే చక్రాన్ని వెనక్కి పట్టుకుంటుంది. టార్కు కరెంటును బట్టే ఉంటుంది. మీ మోటారులో ఒక్కో ఆంపియరుకు దాదాపు 0.76 న్యూటన్ మీటర్లు.

ఇక మీరు చూసిన కుదుపుకు కారణం చూడండి. బ్యాటరీ 50 వోల్టుల దగ్గర ఉందనుకుంటే, 28 కిలోమీటర్ల వేగంలో కరెంటు సున్నాగా ఉండాలంటే డ్యూటీ, అంటే కంట్రోలర్ వోల్టేజీని ఆన్‌లో ఉంచే కాలపు వాటా, 57 శాతం పైచిలుకు ఉండాలి. దానిని 51 శాతానికి తగ్గిస్తే చాలు, 3.2 వోల్టుల తేడా వస్తుంది, 0.15 ఓముల మీద అది 20 ఆంపియర్లకు పైగా బ్రేకు కరెంటు అవుతుంది. డ్యూటీలో నూటికి ఆరు పాళ్ల తేడాతో 16 న్యూటన్ మీటర్ల టార్కు తిరగబడింది. కరెంటును కొలవకుండా, డ్యూటీని మాత్రమే మార్చి బ్రేకు వేసే కంట్రోలర్ ఎంత జాగ్రత్తగా రాసినా మెత్తగా పనిచేయదు. వేగం కొద్దిగా మారినా, బ్యాటరీ వోల్టేజీ కొద్దిగా దిగినా అదే డ్యూటీ మరో బ్రేకు అవుతుంది. మెత్తని బ్రేకు కావాలంటే లీవరు లేదా బొటనవేలి థ్రాటిల్ ఎంత నొక్కారో దానిని 'ఇన్ని ఆంపియర్ల బ్రేకు కరెంటు' అనే ఆదేశంగా మార్చి, ఆ కరెంటు నిలిచేలా డ్యూటీని సెకనుకు వేలసార్లు సరిదిద్దే కంట్రోలర్ ఉండాలి.

కోడ్_కార్ఖానా:

మేష్టారు చెప్పినదానికి కంట్రోలర్ వైపు నుంచి కొంత చేరుస్తాను. ఆరు మెట్ల కమ్యుటేషన్‌తో, అంటే ఫేజులకు కరెంటును ఆరు దశల్లో మార్చుతూ నడిచే చవక కంట్రోలర్లలో చాలావరకు పై మాస్‌ఫెట్‌నే (బ్యాటరీ ప్లస్ వైపున్న ఎలక్ట్రానిక్ స్విచ్చునే) పీడబ్ల్యూఎం చేసి, అంటే వేగంగా ఆన్, ఆఫ్ చేసి, కింది మాస్‌ఫెట్ జతను డయోడు పనికి వదిలేస్తాయి. అందుకే థ్రాటిల్ వదిలితే బండి స్వేచ్ఛగా దొర్లుతుంది. డయోడు ద్వారా కరెంటు వెనక్కి ప్రవహించే దారి ఉండదు. పై మాస్‌ఫెట్ ఆఫ్ అయిన ప్రతిసారీ కిందిదాన్ని ఆన్ చేసే కంట్రోలర్‌లో అయితే కరెంటు రెండు దిశల్లోనూ పారగలదు. అక్కడ థ్రాటిల్ తగ్గించడమే బ్రేకు అవుతుంది. రెండు కంట్రోలర్ల మీదా ఒకే 48 వోల్టులు, ఒకే ఆంపియర్లు అని రాసి ఉంటాయి. కానీ దిగుడులో వాటి నడవడి పూర్తిగా వేరు.

రీజెన్ వైరు ఉన్న చవక కంట్రోలర్లు సాధారణంగా చేసే పని ఏమిటంటే, పై మాస్‌ఫెట్లన్నీ ఆపేసి, కింది మూడింటినీ ఒక నిర్ణీత డ్యూటీతో ఆన్, ఆఫ్ చేస్తాయి. కింది మూడూ ఆన్ అయినప్పుడు ఫేజు వైర్లు మూడూ ఒకదానితో ఒకటి కలిసిపోయి వైండింగులో కరెంటు పెరుగుతుంది. వాటిని ఆపేసిన క్షణాన, పారుతున్న కాలువకు హఠాత్తుగా అడ్డుకట్ట వేస్తే నీళ్లు గట్టు మీదికి ఎగదన్నినట్టు, వైండింగులోని కరెంటు ఆగలేక వోల్టేజీని పెంచుకుని పై డయోడుల గుండా బ్యాటరీలోకి వెళుతుంది. లోపల పుట్టేది 28 వోల్టులే అయినా 50 వోల్టుల బ్యాటరీలోకి చార్జు చేరడానికి కారణం ఇదే. ఇది బూస్ట్ కన్వర్టరు సూత్రం. విడిగా ఇండక్టరు పెట్టనక్కరలేదు, మోటారు వైండింగే ఆ పని చేస్తుంది.

ఆ డ్యూటీని నూటికి నూరు చేస్తే బ్యాటరీకి ఏమీ వెళ్లదు, అంతా వైండింగులోనే వేడిగా మిగులుతుంది. కాబట్టి షార్టు బ్రేకు, రీజెన్ బ్రేకు అనేవి రెండు వేరు వేరు ఏర్పాట్లు కావు. ఒకే మీట రెండు కొసలు.

తిరుపతి_వర్క్‌షాప్:

షార్టు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కంట్రోలర్ తీసేసి మూడు ఫేజు వైర్లనూ కలిపి చక్రం తిప్పితే చాలా బిగువుగా తిరుగుతుంది. అదే పని ఒక రిలేతో చేసి, దిగుడులో వాడుకుంటే బ్యాటరీతో సంబంధమే ఉండదు కదా?

వైండింగ్_మేష్టారు:

ఘాట్‌లో మాత్రం దానిని అసలు వాడకండి. కారణాలు రెండు ఉన్నాయి, రెండవది మరీ ముఖ్యమైనది.

షార్టు చేసినప్పుడు కరెంటుకు అడ్డం వచ్చేది రెసిస్టెన్సు ఒక్కటే కాదు. వేగం పెరిగేకొద్దీ ఇండక్టెన్సు అడ్డంకి కూడా పెరుగుతుంది. ఈ రెండూ సమానమయ్యే వేగం దగ్గర బ్రేకు టార్కు అత్యధికంగా ఉంటుంది. మీ అంకెలతో లెక్క వేస్తే అది విద్యుత్ పరంగా సెకనుకు 80 ఆవృత్తుల దగ్గర, అంటే గంటకు 16 కిలోమీటర్ల వేగం దగ్గర వస్తుంది. ఆ పైన ఎంత వేగంగా వెళితే బ్రేకు అంత తగ్గుతుంది. వేగంగా దొర్లుతున్న బండికి తక్కువ బ్రేకు, నెమ్మదించేకొద్దీ ఎక్కువ బ్రేకు, మళ్లీ ఆగబోయే ముందు దాదాపు సున్నా: మనిషి చెయ్యి ఊహించుకునే తీరుకు ఇది పూర్తిగా ఎదురు. చక్రం ఆగిపోతే బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు కనుక షార్టు చేసిన మోటారు వాలులో బండిని నిలబెట్టలేదు. నిదానంగా జారనిస్తూనే ఉంటుంది.

రెండవది వేడి. వాలులో 600 వాట్ల శక్తిని ఆపాలనుకోండి. అదంతా వైండింగులోనే దిగితే, రాగి, ఇనుప పలకలు కలిపి స్టేటరు (మోటారులో తిరగని భాగం) మూడు కిలోలున్నా, నిమిషానికి 25 డిగ్రీల పైచిలుకు ఉష్ణోగ్రత పెరుగుతుంది. హబ్ మోటారులో స్టేటరు లోపల ఉంటుంది, చుట్టూ గాలి పొర, దాని వెలుపల తిరిగే గుల్ల. వేడి బయటికి పోయే దారి చాలా సన్నది. మామూలు గ్రేడు నియోడిమియం అయస్కాంతాలకు 80 డిగ్రీలు దాటితే బలం పోయే ప్రమాదం మొదలవుతుంది. ఒకసారి తగ్గిన అయస్కాంతం బలం చల్లారాక కూడా తిరిగి రాదు. ఆ తర్వాత ఆ మోటారు అదే టార్కుకు ఎక్కువ కరెంటు తాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది.

రిలేతో షార్టు చేసే పద్ధతి కరెంటు పోయిన యంత్రం దానంతట అది తిరగకుండా ఆపడానికి, నిలిపి ఉంచిన బండిని ఎవరైనా తోసుకుపోకుండా చూడడానికి బాగుంటుంది. అంతకు మించి వద్దు.

గుంటూరు_డ్రోన్:

మా డ్రోన్ల ఈఎస్‌సీలలో (మోటారు కంట్రోలర్లలో) ఈ బ్రేకు చాలా కాలంగా ఉన్నదే. ప్రొపెల్లరు వేగం త్వరగా తగ్గకపోతే డ్రోన్ గాలిలో నిలకడగా ఉండదు కాబట్టి, థ్రాటిల్ తగ్గించగానే మోటారును కరెంటుతోనే నెమ్మదింపజేస్తాం. ఆ క్షణంలో బ్యాటరీ వైర్ల మీద వోల్టేజీ పైకి ఎగరడం ఆసిలోస్కోపులో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే బ్యాటరీ లీడ్లు కలిసే చోట, బోర్డుకు వీలైనంత దగ్గరగా, లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్సు తక్కువగా ఉండే) కెపాసిటరు పెట్టాలంటాం. ఇంకొక మాట: మావి సెన్సర్లు లేని మోటార్లు. ఆ క్షణంలో కరెంటు ఇవ్వకుండా వదిలిన ఫేజులో బ్యాక్ ఈఎంఎఫ్ సున్నాను దాటే క్షణాన్ని చూసి రోటరు ఎక్కడుందో తెలుసుకుంటాం. మోటారు ఆగితే ఆ ఆధారమే ఉండదు. వాలులో ఆగి, నిలిచి, మళ్లీ కదలాల్సిన బండికి, అయస్కాంతాల స్థానాన్ని చెప్పే హాల్ సెన్సర్లు తప్పనిసరి.

శక్తి_లెక్క:

బ్యాటరీకి ప్రమాదం ఉందా అన్న ప్రశ్నకు అంకెలు వేసి చూద్దాం.

తిరుపతికి, తిరుమలకు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 180 కిలోల బరువు అంత ఎత్తు దిగితే వదిలే శక్తి 12 లక్షల జౌళ్లకు కొద్దిగా పైన, అంటే దాదాపు 343 వాట్ అవర్లు. మీ బ్యాటరీ మొత్తం సామర్థ్యం 1150 వాట్ అవర్లు. చూడగానే 'ఒక్క దిగుడుతో బ్యాటరీలో మూడో వంతు నిండిపోతుంది' అనిపిస్తుంది. కానీ దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. అంత దూరం టైర్లు నేల మీద దొర్లడానికి 140 వాట్ అవర్లు, 28 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చుకుంటూ పోవడానికి 110 నుంచి 120 వాట్ అవర్లు ఖర్చవుతాయి. బ్రేకు వాటాకు నికరంగా మిగిలేది 90 దరిదాపుల్లోనే ఉంటుంది. దానిలో వైండింగు, కంట్రోలర్ నష్టాలు పోగా బ్యాటరీకి చేరేది ఒక 70 వాట్ అవర్లు. చదునైన చోట్ల కొంత థ్రాటిల్ ఇస్తాం కాబట్టి వాలులో వచ్చేది దీనికంటే కొద్దిగా ఎక్కువే ఉండవచ్చు, అయితే ఆ థ్రాటిల్ దానిని తిరిగి వాడేసుకుంటుంది కూడా.

కాబట్టి రోజూ దిగుడుతో బ్యాటరీ నింపుకోవచ్చని ఆశపడే పని లేదు. పట్నంలో సిగ్నల్ దగ్గర ఆగడం సంగతి చెప్పనే అక్కరలేదు: 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఈ బండిలో ఉన్న మొత్తం చలన శక్తి 9000 జౌళ్లు, అంటే 2.5 వాట్ అవర్లు. రీజెన్ గొప్పతనం ఆదా చేసే కరెంటులో లేదు. డ్రమ్ములో లైనింగు కాలకుండా, కొండ చివరి మలుపు దాకా చేతి బ్రేకు చల్లగా, సిద్ధంగా ఉండడంలో ఉంది. తిరుపతి, తిరుమల మధ్య 2022 నుంచి ఏపీఎస్ఆర్టీసీ నడుపుతున్న విద్యుత్ బస్సులనే తీసుకోండి. టన్నుల బరువున్న బండికి ఆ ఘాట్‌లో లైనింగు మీద పడే భారం తగ్గడం ఎంత పెద్ద సంగతో మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు.

అయితే సగటు అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదు. నూటికి ఏడు పాళ్ల వాలు వచ్చిన చోట, అదే 28 కిలోమీటర్ల వేగంలో, దొర్లుడు, గాలి పోగా కూడా 590 వాట్లు బ్రేకు మీద పడతాయి. అందులో 470 నుంచి 500 వాట్లు బ్యాటరీ వైపు వస్తే, అది 9, 10 ఆంపియర్ల చార్జింగు. వెనుక ఒక మనిషి కూర్చుని మొత్తం 250 కిలోలైతే 14 ఆంపియర్లు దాటుతుంది. మీ సెల్లులకు అనుమతించిన చార్జింగు కరెంటు సామర్థ్యంలో సగం, అంటే 12 ఆంపియర్లే అయితే, హద్దు దాటినట్టే. సెల్లు తయారీదారు ఇచ్చిన అంకెను చూసి, బ్యాటరీ వైపు రీజెన్ పరిమితిని కంట్రోలర్‌లో తప్పక పెట్టండి. మోటారు వైపు బ్రేకు కరెంటు, బ్యాటరీ వైపు రీజెన్ కరెంటు వేరు వేరు అంకెలు. మొదటిది బ్రేకు బిగువును నిర్ణయిస్తుంది, రెండవది సెల్లులను కాపాడుతుంది. వెస్క్ (VESC) అనే ఓపెన్ సోర్స్ డిజైను తరహా కంట్రోలర్లలో ఈ రెండింటినీ విడివిడిగా పెట్టుకోవచ్చు.

కోడ్_కార్ఖానా:

లెక్క బాగుంది. కానీ ఆయన నిండు బ్యాటరీతో బయలుదేరుతున్నారన్నది మరచిపోకూడదు. ఈ కేసులో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

13 సెల్లుల బ్యాటరీ నిండితే 54.6 వోల్టులు. ఆ స్థితిలో మొదటి మలుపు దగ్గరే రీజెన్ వేస్తే ఏదో ఒక సెల్లు 4.2 దాటుతుంది, బ్యాటరీని కాపాడే బోర్డు అయిన బీఎంఎస్ తన ధర్మం తాను పాటించి చార్జింగు దారిని తెంచేస్తుంది. కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు. అది బూస్టు చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు 500 వాట్లు వెళ్లడానికి బ్యాటరీ లేదు, కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు మాత్రమే ఉన్నాయి. వాటి మొత్తం 1000 మైక్రో ఫారడ్లు, తట్టుకునే వోల్టేజీ 63 అనుకుంటే, 54 నుంచి 63కు చేరడానికి కావలసిన శక్తి అర జౌలు. 500 వాట్ల దగ్గర అది ఒక మిల్లీ సెకను పని. ఆ తర్వాత మాస్‌ఫెట్లు పోతాయి. మాస్‌ఫెట్ పోయేటప్పుడు ఎక్కువగా షార్టుగా పోతుంది. ఒకే ఫేజులో అలా పోతే కొంత మేర, రెండు ఫేజుల్లో పోతే ఇంకా ఎక్కువగా, మోటారు తనంతట తాను షార్టు బ్రేకులోకి వెళుతుంది. మలుపులో ఉన్న మనిషికి ఏం జరిగిందో అర్థం కాదు.

హైదరాబాదులో మా దగ్గరికి వచ్చిన ఒక బండిలో సరిగ్గా ఇదే చూశాం. బోర్డు విప్పితే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి, రెండు కింది మాస్‌ఫెట్ల దగ్గర రాగి దారి నల్లగా మాడి లేచిపోయింది. బీఎంఎస్, సెల్లులు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ భాగానికి ఆ భాగం విడిగా తనను తాను కాపాడుకునేలా ఉంది. ఒకదానికొకటి మాట్లాడుకునే తీగ మాత్రం లేదు.

కాబట్టి కంట్రోలర్‌లో అధిక వోల్టేజీ కోత ఉందా లేదా చూడండి. ఉంటే అది ఎలా పనిచేస్తుందో కూడా చూడండి. 54 దగ్గర బ్రేకును ఒక్కసారిగా వదిలేసే కంట్రోలర్ కూడా ఘాట్‌లో ప్రమాదకరమే. ఉన్న బ్రేకు హఠాత్తుగా మాయమవుతుంది. 53 నుంచి మొదలుపెట్టి 54.5 దాకా బ్రేకు కరెంటును క్రమంగా తగ్గించేదే కావాలి. అప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే డ్రమ్ము బ్రేకు మీదికి వెళుతుంది.

శక్తి_లెక్క:

దీనికి చాలా సులువైన మార్గం ఉంది. పైన నిండా చార్జి చేయవద్దని చెప్పండి. సెల్లుకు 4.1 వోల్టుల దగ్గర, అంటే మొత్తం 53.3 వోల్టుల దగ్గర ఆగే చార్జరు వాడితే సుమారు పది శాతం, అంటే 115 వాట్ అవర్ల చోటు ఖాళీగా ఉంటుంది. దిగుడులో వచ్చేది 70, 80. చోటు సరిపోతుంది, సెల్లుల ఆయుష్షు కూడా పెరుగుతుంది. దిగడానికి అసలు కరెంటే పెద్దగా అవసరం లేనప్పుడు నిండు బ్యాటరీతో ఎందుకు బయలుదేరాలి? చార్జింగు కింద ఇంట్లో పెట్టుకుని, పొద్దున నిండుగా ఎక్కడం ఇంకా మేలు.

తిరుపతి_వర్క్‌షాప్:

ఇది మాకు తట్టనే లేదు, చాలా సంతోషం. ఆయనకు ఈ రోజే చెబుతాను. అయినా ఎప్పుడో ఒకరోజు మరచిపోయి నింపేస్తారు. ఆ రోజుకు, బ్యాటరీ తీసుకోలేని శక్తిని వేడిగా ఖర్చుచేసే రెసిస్టరు పెట్టవచ్చా?

వైండింగ్_మేష్టారు:

పెట్టవచ్చు. 54 వోల్టుల దగ్గర 5 ఓముల రెసిస్టరు 583 వాట్లు తాగుతుంది, కరెంటు 11 ఆంపియర్ల లోపే. బస్ (కంట్రోలర్‌లోకి వచ్చే బ్యాటరీ లైను) వోల్టేజీ 54 దాటగానే ఒక కంపారేటరు (రెండు వోల్టేజీలను పోల్చే సర్క్యూటు) మాస్‌ఫెట్‌ను ఆన్ చేసి రెసిస్టరును కలపాలి, 53కు దిగగానే ఆపాలి. ఆ ఒక్క వోల్టు ఎడం లేకపోతే మాస్‌ఫెట్ అనవసరంగా కొట్టుకుంటుంది. రెసిస్టరును బీఎంఎస్‌కు కంట్రోలర్ వైపున కలపాలి. బ్యాటరీ వైపు కలిపితే బీఎంఎస్ తెంచిన క్షణంలో అది పనికిరాదు. అల్యూమినియం గుల్లలో వచ్చే వైర్ వౌండ్ రెసిస్టర్ల మీద రాసిన వాట్లు పెద్ద అల్యూమినియం పలకకు బిగించినప్పటి అంకె. గాలిలో వేలాడదీస్తే అందులో సగం కూడా తట్టుకోదు. ఫుట్‌బోర్డు కింద, గాలి తగిలే చోట, కాలికీ వైర్లకూ దూరంగా బిగించండి.

తెలిసీ తెలియనివారు మరో పద్ధతి చెబుతారు: మోటారుకు వ్యతిరేక దిశలో వోల్టేజీ ఇచ్చి ఆపడం. ఆ పద్ధతిలో బండి శక్తి, బ్యాటరీ నుంచి వచ్చే శక్తి రెండూ కలిసి వైండింగులోనే వేడి అవుతాయి. చివరి ఒకటి రెండు కిలోమీటర్ల వేగంలో, హాల్ సెన్సర్ల ఆధారంతో, కరెంటు హద్దులో పెట్టుకుని క్షణం పాటు వాడడం తప్ప బండిలో దానికి చోటు లేదు.

కోడ్_కార్ఖానా:

ఒకే వేగం నిలపడం గురించి అడిగారు. మోటారు కరెంటును నియంత్రించే లూపు (కొలుస్తూ, తేడాను సరిదిద్దుతూ ఉండే ప్రోగ్రాము) లోపల, వేగాన్ని నియంత్రించే లూపు వెలుపల ఉండాలి. వెలుపలి లూపు అనుకున్న వేగాన్నీ, ఉన్న వేగాన్నీ పోల్చి 'ఇంత కరెంటు' అని అడుగుతుంది; ఆ అంకె రుణాత్మకమైతే అదే బ్రేకు. వేగం నుంచి నేరుగా డ్యూటీని నిర్ణయించే లూపు రాస్తే, మేష్టారు చూపించిన ఆరు శాతం లెక్క ప్రకారం ప్రతి చిన్న సవరణా ఒక కుదుపు అవుతుంది.

వేగం కొలవడానికి హాల్ సెన్సర్లు చాలు. 23 జతల అయస్కాంతాలకు చక్రం ఒక్క చుట్టుకు 138 మార్పులు వస్తాయి. నడక వేగంలో కూడా సెకనుకు వంద దాకా వస్తాయి కాబట్టి సమాచారానికి కొదవ లేదు. అయితే మూడు సెన్సర్లూ కచ్చితంగా 120 డిగ్రీల ఎడంలో అతికించి ఉండవు. పక్కపక్క మార్పుల మధ్య కాలం కొలిస్తే వేగం ఊగుతున్నట్టు కనిపిస్తుంది, ఆ ఊపుకు లూపు స్పందిస్తే మోటారు గురగురమంటుంది. ఒకే సెన్సరు ఒకే అంచు నుంచి మళ్లీ అదే అంచు దాకా, అంటే ఆరు మార్పులకు కలిపి కాలం కొలవండి. ఆ గురగుర పోతుంది.

ఇంకొక జాగ్రత్త. బ్రేకు కరెంటు హద్దుకు చేరాక కూడా వేగం పెరుగుతూనే ఉంటే, లూపులోని ఇంటిగ్రేటరు (తేడాను కూడుకుంటూ పోయే భాగం) లోలోపల పేరుకుపోతుంది. వాలు ముగిసి చదును వచ్చాక కూడా అది బ్రేకు వదలదు. హద్దుకు చేరగానే ఇంటిగ్రేటరును ఆపే ఏర్పాటు ఉండాలి. థ్రాటిల్ తాకగానే, చేతి బ్రేకు నొక్కగానే వేగ లూపు పక్కకు తప్పుకోవాలి. నా అభిప్రాయంలో ఘాట్‌కు వేగాన్ని పూర్తిగా కంట్రోలర్‌కు అప్పగించడం కంటే, బొటనవేలితో నొక్కినంత బ్రేకు కరెంటు ఇచ్చే రెండో థ్రాటిలే మేలు. మలుపు ఎంత బిగువుగా ఉందో, రోడ్డు తడిగా ఉందో లేదో కంట్రోలర్‌కు తెలియదు.

నల్లగొండ_ఈవీ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. యాక్సిల్ గురించి ఎవరూ చెప్పలేదు. మోటారు తోసేటప్పుడు యాక్సిల్ ఒక దిశలో, బ్రేకు వేసేటప్పుడు ఎదురు దిశలో మెలితిరుగుతుంది. రీజెన్ లేనప్పుడు ఒకవైపే ఒత్తిడి ఉంటుంది కాబట్టి నట్లు ఎన్నాళ్లైనా నిలుస్తాయి. రీజెన్ పెట్టాక యాక్సిల్ డ్రాపవుట్‌లో (ఫ్రేములో అది కూర్చునే గాడిలో) అటూ ఇటూ ఆడి, నట్లు వదులై, చదునైన అంచులు గుండ్రబడతాయి. చివరికి యాక్సిలే తిరిగి, లోపలినుంచి వచ్చే ఫేజు, హాల్ వైర్లను మెలేసి తెంపుతుంది. రెండు వైపులా, ఎడం లేకుండా బిగుసుకునే టార్క్ ఆర్మ్‌లు (యాక్సిల్ తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీలు) పెట్టకుండా రీజెన్ ఆన్ చేయవద్దు. బిగించిన కొద్ది రోజులకు నట్లు మళ్లీ ఒకసారి చూడండి.

శక్తి_లెక్క:

చాలా అవసరమైన మాట. దానితో పాటు మరొకటి: మీ మోటారు 48 వోల్టుల దగ్గర చేరగల వేగం గంటకు 47 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నిండు బ్యాటరీ అయితే 53 దాకా. వాలులో బండి ఆ వేగం దాటిందంటే బ్యాక్ ఈఎంఎఫ్ బ్యాటరీ వోల్టేజీని మించుతుంది. కంట్రోలర్ ఆపేసి ఉన్నా, కీ తీసేసినా, డయోడుల గుండా చార్జింగు మొదలవుతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఘాట్‌లో ఆ వేగం ఎలాగూ వెళ్లకూడదు. ఫీల్డు వీకెనింగుతో (అయస్కాంతాల ప్రభావాన్ని కరెంటుతో తగ్గించి) మోటారును సహజ వేగం దాటించే కంట్రోలర్లలో మాత్రం ఇది మరింత జాగ్రత్తగా చూడాలి. ఆ వేగంలో కంట్రోలర్ హఠాత్తుగా ఆగిపోతే బస్ వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది.

తిరుపతి_వర్క్‌షాప్:

అందరికీ ధన్యవాదాలు. మేము చేయబోయేది ఇది: కరెంటు లూపు ఉన్న కంట్రోలర్ మారుస్తాం, ఎడమచేతి వైపు బొటనవేలి థ్రాటిల్‌తో బ్రేకు, మోటారు వైపు 25 ఆంపియర్లు, బ్యాటరీ వైపు 10 ఆంపియర్ల హద్దు, 53 వోల్టుల నుంచి క్రమంగా తగ్గేలా కోత. పైన 53.3 దగ్గర ఆగే చార్జరు. రెండు వైపులా టార్క్ ఆర్మ్‌లు. డ్రమ్ము, ముందు డిస్కు రెండూ కొత్త లైనింగుతో అలాగే ఉంటాయి, వాటి కేబుళ్లను ముట్టుకోం. రెసిస్టరు తర్వాత చూస్తాం. మోటారు లోపల ఉష్ణోగ్రత కొలవాలంటే ఎన్‌టీసీ (ఉష్ణోగ్రత సెన్సరు) ఎక్కడ పెట్టాలి? గుల్ల మీద పెడితే సరిపోతుందా?

వైండింగ్_మేష్టారు:

గుల్ల మీద పెడితే అది మీకు రోడ్డు గాలి ఉష్ణోగ్రత చెబుతుంది. పక్క మూత విప్పి, రెండు పళ్ల మధ్య రాగి చుట్టల చివరి మడతలో ఎన్‌టీసీని దూర్చి, వేడిని మోసే ఎపాక్సీతో అతికించి, హాల్ వైర్ల వెంట కట్టి బయటికి తీయండి. కొన్ని మోటార్లలో హాల్ తీగల గుత్తిలో ఆరవ తీగ ఖాళీగా వస్తుంది, దానిని వాడుకోవచ్చు. వైరు రోటరు అయస్కాంతాలకు తగలకుండా పూసలు కట్టే దారంతో చుట్టకు బిగించి, చేత్తో చక్రం నిదానంగా తిప్పి చూసి, ఆ తర్వాతే మూత పెట్టండి. వైండింగు 80 డిగ్రీలు దాటగానే బ్రేకు కరెంటు తగ్గడం మొదలై, 100 దగ్గర సగానికి రావాలి. మొదటిసారి దిగేటప్పుడు ఒక్కరే, బరువు లేకుండా దిగి, మధ్యలో ఆగి అంకె చూసుకోమని చెప్పండి.